అయివారు కన్న ముగ్గురు

మా ఊరి బడిలో చదివినవాళ్ళంతా జూలై ఒకటో తేదీనే పుట్టారు. తల్లి కడుపులోంచి ఎప్పుడు బయటపడ్డారన్నది వేరే సంగతి. బడిలో చేర్చేటప్పుడు అయివారు "బిడ్డ ఎప్పుడు పుట్టినాడమ్మా?" అని అడిగితే మా అమ్మ "శెనక్కాయ పీకేటప్పుడు సామీ" అంది. నా వెనక నిలబడ్డ పిల్లోడి తాత "వాన ఎగ్గొట్టిన ఏడు" అన్నాడు. నా ముందు నిలబడ్డ పిల్లకు చెప్పేవాళ్ళే లేరు. గొర్రెలను తమ్ముడికి అప్పజెప్పి తనే వచ్చింది. అయివారు ముగ్గురికీ ఒకే తేదీ, ఒకే సంవత్సరం రాసేశారు. ఆయన్ను నేను తప్పుపట్టను. మా వైపు వానలకే తేదీ లేదు, ఇక మనుషులకు ఎక్కడిది?

ఆ ముగ్గురమే తర్వాత పాటల మనుషులమయ్యాం. నేను శెనక్కాయ పండిస్తాను, పండనప్పుడు పాటలు రాస్తాను. అంటే ఎక్కువగా పాటలే. నా వెనక నిలబడినవాడు టైలరు, హార్మోనియం వాయిస్తాడు. ఆదివారం చర్చిలో, శనివారం మా భజనలో, మిగతా రోజులు జాకెట్ల దగ్గర. ముందు నిలబడిన పిల్ల మా గాయని. ముదిగుబ్బ వైపు గుట్టల్లో గొర్రెలు కాస్తుంది. ఆమె ఒక కేక వేస్తే గుట్ట అవతల మేస్తున్న గొర్రె కూడా తలెత్తుతుంది. మా పాట పైకి లేస్తే ఆమె గొంతు వల్లే లేస్తుంది. నా మాటల వల్లో, టైలరు వేళ్ళ వల్లో అనుకునే అమాయకులు ఊళ్ళో ఇద్దరే ఉన్నారు, వాళ్ళు మేమే.

మాలో పెద్ద ఎవరన్న గొడవ చాలా ఏళ్ళు నడిచింది. కాగితం ప్రకారం ముగ్గురికీ ఒక గంట కూడా తేడా లేదు. చివరికి ఆమే తేల్చేసింది. "మీ ఇద్దర్నీ సంకనేసుకోని తిప్పినా నేను. ఒకడు చీమిడి, ఒకడు ఏడుపు. అక్కా అనండి గమ్మున." ఎవరు చీమిడో ఎవరు ఏడుపో అడిగే ధైర్యం మాకు లేకపోయింది. అప్పటి నుంచి అక్కే.

జూలై ఒకటి మాకు పండుగ. కేకులూ కొవ్వొత్తులూ లేవు. సాయంత్రం టైలరు కొట్లో మిషను పక్కకు జరిపి, చాప పరుచుకుని కూర్చుంటాం. మా ఇంటి నుంచి బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు వస్తాయి. ఆ రోజుకు నేనొక కొత్త పాట రాయాలి, టైలరు వరస కట్టాలి, అక్క మొదటిసారి పాడాలి. ఆమె నోట పడనిదే ఆ పాట బయటికి పోకూడదు. అప్పుడే విత్తనం వేసే అదను కదా, పాట కూడా ఆ అదనులోనే పడాలని మా పిచ్చి. శెనక్కాయ చాలాసార్లు మోసం చేసింది గానీ పాట ఎప్పుడూ చేయలేదు.

ఈ ఏడు చేస్తుందేమోనని భయపడ్డాం.

ఎండాకాలం మొదట్లో అక్క గొంతు కింద గడ్డ కనిపించింది. చీర కొంగు కప్పుకుని తిరుగుతుంటే, ఎండకు కప్పుకుందనుకున్నాం. ఒక శనివారం భజనలో కొంగు జారినప్పుడు టైలరు చూశాడు. వాడి వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆగిపోయాయి. మరునాడు చర్చి అయిపోగానే మా ఇంటికొచ్చి, "అన్నా, అక్కను యాడికన్నా తీసకపోదాం పా" అన్నాడు. ముందు కదిరి, అక్కడి నుంచి బెంగళూరు. సూది పెట్టి పరీక్ష చేసి, అది చెడ్డ గడ్డ కాదని చెప్పారు. మేం ఊపిరి పీల్చుకునేలోపే, "అయినా తీసేయాలి, పెరిగితే మింగడం కష్టమవుతుంది" అన్నారు.

ఆసుపత్రిలో ఆమెను చేర్చుకునే చోట ముగ్గురి ఆధార్ కార్డులూ తీసుకున్నారు. అక్కడ కూర్చున్న అమ్మాయిది కన్నడం కలిసిన తెలుగు. కార్డులు ఒకటి మార్చి ఒకటి చూసింది. "ముగ్గురూ ఒకే కాన్పులో పుట్టినారా?" అంది, నిజంగానే. గొర్రెల చలువతో నల్లబడ్డ అక్కనూ, చర్చికి పోయే తెల్లచొక్కా టైలరునూ, బట్టతల నన్నూ చూసి ఆ ప్రశ్న వేయాలంటే ఎంత మంచి మనసుండాలి!

"అవునమ్మా" అంది అక్క. "మా అయివారు కనినాడు మమ్మల్ని. ఒకే పూట."

వెనక వరసలో వాళ్ళంతా నవ్వారు. ఆ హాలంతా వినబడింది ఆ గొంతు. అప్పుడు నేను కూడా నవ్వాను. తర్వాత చాలా రోజులు ఆ మాటనే తలుచుకుంటూ గడిపాను, ఆ గొంతు అంత గట్టిగా వినడం అదే ఆఖరుసారేమోనని.

డాక్టరు నెమ్మదైన మనిషి. గొంతును పలికించే నరం సరిగ్గా ఆ గడ్డ వెనకనే పోతుందని బొమ్మ గీసి చూపించాడు. చాలామందికి ఏమీ కాదట. కొందరికి మాత్రం గొంతు బొంగురుపోవచ్చు, పై స్వరాలు అందకపోవచ్చు. "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగాడు.

"గొర్లు కాస్తా సామీ."

"అయితే గొంతుతో పెద్ద పని ఉండదులే."

అక్క మా ఇద్దరి వైపూ చూసింది. టైలరే లేచి నిలబడ్డాడు. "సార్, ఆయమ్మ పాడతాది సార్. మాకంతా ఆ గొంతే ఉండాది." వాడి కళ్ళలో నీళ్ళు చూసి డాక్టరు బొమ్మ గీసిన కాగితం పక్కన పెట్టాడు. జాగ్రత్తగా చేస్తానని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాడు. మాట ఇవ్వలేనని కూడా చెప్పాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది, కోపం కూడా వచ్చింది. మాట ఇస్తే ఏం పోయింది అనిపించింది.

ఆపరేషను బాగానే జరిగింది. కొన్నాళ్ళు గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నారు. మళ్ళీ చూపించుకోవడానికి పోయినప్పుడు, "అంతా మానింది, ఇక మాట్లాడొచ్చు" అన్నారు. కానీ అక్క మాట్లాడలేదు. చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా నాలుగు ముక్కలు అనడం, లేకపోతే చేతులు ఊపడం. కోడల్ని పిలవాలంటే పళ్ళెం మీద గంటెతో కొట్టేది. గొర్రెలను కొడుకు తోలుకుపోయేవాడు. అవి వాడి మాట వినక చేలల్లో పడి ఊరందరితో తిట్లు తినిపించేవి.

ఒక రోజు నేను వాళ్ళింటికి పోతే కోడలు వాకిట్లోనే ఆపింది. "మామా, ఆయమ్మ ఒక్క మాటన్నా గట్టిగా అనదు. డాక్టరేమో మాట్లాడమన్నాడు. గొంతు పోయిందేమో, మాకు చెప్పకుండా దాచిపెట్టిందేమో" అని కళ్ళు తుడుచుకుంది. లోపల అక్క చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. నేను ఏవేవో మాట్లాడాను. వాన గురించి, విత్తనాల గురించి, టైలరు కొత్త కళ్ళజోడు గురించి. అన్నిటికీ తల ఊపింది. మామూలుగా అయితే నా మాట పూర్తి కాకముందే మూడుసార్లు అడ్డొచ్చేది. ఆమె అడ్డు రాకపోతే నా మాటలు ఇంత చప్పగా ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఆమె భయం నాకు అర్థమైంది. నోరు తెరిచి చూడనంత కాలం గొంతు ఉన్నట్టే. తెరిచి, అది రాకపోతే? విత్తనం ఇంట్లో పెట్టుకుని భూమిలో వేయని రైతులను నేను చూశాను. నేనూ ఒకడినే.

జూలై దగ్గరపడింది. టైలరూ నేనూ కొట్లో కూర్చుని గుట్టుగా మాట్లాడుకున్నాం. పండుగ మానేద్దామా అంటే, మానేస్తే అక్క గొంతు పోయిందని మేమే చాటింపు వేసినట్టు. చేస్తే, పాడలేక ఆమె బాధపడితే? చివరికి ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఆలోచిస్తే ఎంత తెలివిగా ఉంటుందో అంత తెలివైన ఉపాయం కట్టాం. ఆమెను ఊరికే కూర్చోమందాం. మేమిద్దరమే పాడదాం. ఆమెకు మనసై గొంతు కలపాలనిపిస్తే ఇబ్బంది పడకుండా శ్రుతి దించుదాం.

అక్క శ్రుతి ఐదున్నర. మా ఊరి పిల్లలక్కూడా తెలుసు. ఇన్నేళ్ళుగా ఆ హార్మోనియం మీద ఐదున్నర మెట్టు అరిగి, మిగతావి కొత్తగా ఉన్నాయి. ఈసారి టైలరు నాలుగు పెడతానన్నాడు. నేను కూడా నా వంతు చేశాను. ఎక్కడా పైకి ఎగరని పాట రాశాను. పొట్టి పొట్టి ముక్కలు, మెత్తటి మాటలు, ఊపిరి పట్టే అవసరమే లేదు. రాసి చూసుకుని, ఎంత దయగా రాశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం అక్క కోడలితో వచ్చింది. మెడ మీద గాటు సన్నగా మానింది, కొంగు కప్పుకోలేదు. చాప మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది, హార్మోనియంకు కుడి పక్కన. భజన వాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. అడగకూడదని ముందే అందరికీ చెప్పి ఉంచాం. చావు ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాం, ముందర ఓళిగలు పెట్టుకుని.

"అక్కా, ఈ తూరి మేము పాడతాం, నువ్వు ఊరికే ఇంటాండు" అన్నాడు టైలరు. ఆమె తల ఊపింది.

వాడు తిత్తి కదిలించి నాలుగో శ్రుతి పట్టాడు. ఆ మొదటి నాదానికే ఆమె కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. నేను చూశాను గానీ పాట మొదలుపెట్టేశాను. పల్లవి ఒకసారి పాడాం. రెండోసారి పాడుతుంటే ఆమె ముక్కుపుటాలు అదిరాయి. మూడోసారి ఎత్తుకోబోతుండగా చెయ్యి చాచి తిత్తిని ఠపీమని మూసేసింది. హార్మోనియం మూలిగి ఆగింది.

"ఏమప్పా!" అంది.

మొదటి సగం బొంగురుగా, చీలిపోయి వచ్చింది. ఆమె ఉలిక్కిపడి గొంతు మీద చెయ్యి వేసుకుంది. ఆమె ఒక్క క్షణం తన గొంతును తానే విన్నట్టు తల వంచి, మళ్ళీ ఎత్తింది.

"ఏమప్పా, ఎవురికోసం దించినావు శ్రుతి? నేనేమన్నా సచ్చిపోయినానా? నాలుగంట నాలుగు! మీ మొగోళ్ళకు గూడా సాలదే అది!" ప్రతి మాటకూ గొంతులో బూజు దులిపినట్టు తేటపడుతూ వచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేంది, ఏం పాటప్పా ఇది? పాట మాదిరి ఉండాదా? ఆసుపత్రిలో పోసిన గంజి మాదిరి ఉండాది. ఉప్పు లేదు, కారం లేదు."

కోడలు ఏడుస్తూ నవ్వుతోంది. టైలరు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుస్తున్నాడు. నాకైతే ఆమె ఇంకా తిడితే బాగుండుననిపించింది. ఎన్ని నెలల బరువో గుండెల మీంచి దిగిపోయింది. ఆమె కూడా ఆపలేదు. మా ఇద్దరి తెలివినీ, మా తాతల తెలివినీ, చివరికి అయివారినీ కలిపి తిట్టింది. కోపం కొంత, తన గొంతు తనకు దొరికిన సంబరం ఎక్కువ.

"ఐదున్నర పెట్టు" అంది.

"అక్కా, నొప్పి..."

"పెడతావా, నన్ను పెట్టమంటావా?"

అరిగిన మెట్టు మీద వేలు పడింది. నా గంజి పాటను ఆమె పక్కన పడేసి, నిరుటి పాట ఎత్తుకుంది. పల్లవి బాగా వచ్చింది. చరణంలో పైకి పోయే చోట గొంతు జారింది. ఆమె ఆగలేదు, జారినచోటికే మళ్ళీ పోయి, అందుకుంది. పూర్తిగా మునుపటి గొంతు అనను. అంచుల్లో కొంచెం గరుకు ఉంది. ఆ గరుకు నాకు నచ్చింది, ఆమెకు మాత్రం నచ్చలేదు. పాట కాగానే, "పోతాది లే. గొర్ల యెంట నాలుగు దినాలు అరిస్తే పోతాది" అని ఓళిగ అందుకుంది.

మరునాడు పొద్దున నేను చేనుకు పోయాను. దున్నిపెట్టిన ఎర్రనేల ఆకాశం వైపు చూస్తోంది. విత్తనాల మూట ఇంట్లోనే ఉంది. మబ్బు వచ్చినట్టే వచ్చి పెనుకొండ వైపు పోయింది. అప్పుడు గుట్ట మీది నుంచి కేక వినిపించింది. పొడుగ్గా, పైకి లేచి, ఎక్కడా తెగకుండా. గొర్రెల మెడలోని గంటలన్నీ ఒకేసారి కదిలాయి.

జేబులో ఫోను మోగింది. టైలరు. "అన్నా, ఇనపడిందా?"

"ఇనపడిందప్పా" అన్నాను.

గట్టు మీద కూర్చుని ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు ఇద్దరు చూసి, ఏమీ అడక్కుండా తల వంచుకుని పోయారు. వాన రాక ఏడుస్తున్నాననుకుని ఉంటారు.