ముగింపు సైరన్ లేని డ్రిల్

నాచారం పారిశ్రామికవాడలోని ఒక సుగంధద్రవ్యాల యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్ మేనేజర్‌గా పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాది జూన్‌లో, ఉప్పల్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల నన్ను బీబీఏ విభాగానికి ‘ఇండస్ట్రీ మెంటర్’గా నియమించింది. మెంటర్ అధ్యాపకుడు కాడు. పాఠం చెప్పడు, మార్కులు వేయడు. విద్యార్థులు పోటీలకు తయారుచేసుకునే ప్రతిపాదనలు ఒక ఫ్యాక్టరీ గేటు దాటి నిలుస్తాయో లేదో చెబుతాడు. నిర్ణయం మాత్రం జట్టుదే. ఈ చివరి నిబంధన నియామక పత్రంలోనే ఉంది.

బీబీఏ విద్యార్థి దినచర్య నాకు కొత్త. టై మెట్రోలో జేబులో ఉండేది, కళాశాల గేటు దగ్గర మెడకు ఎక్కేది. ఉదయం ప్రెజెంటేషన్, క్యాంటీన్‌లో సమోసా తింటూ మరో ప్రెజెంటేషన్‌కు తయారీ, మధ్యాహ్నం ఏదో ఒక కంపెనీ ఎందుకు నష్టపోయిందన్న చర్చ. నెలకొక కళాశాలలో ‘ఫెస్ట్’ జరిగేది. బెస్ట్ మేనేజర్, షేర్ మార్కెట్ ఆట, ప్రకటనల పోటీ, అన్నిటికంటే పెద్దదిగా ప్రొడక్ట్ లాంచ్. వచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ ప్లాస్టిక్ ఫైలులో పెట్టుకుని, ఆ ఫైలును తడవనీయకుండా ఛాతీకి ఆనించుకుని తిరిగేవారు.

మూడో సంవత్సరం విద్యార్థిని శ్రావణి ప్రొడక్ట్ లాంచ్ జట్టుకు నాయకురాలు. ఇల్లు నాచారంలోనే. గెలిచిన జట్టు నాయకురాలికి గృహోపయోగ వస్తువుల కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తారు. డిగ్రీ కాగానే మేనమామ ప్యాకింగ్ షెడ్డులో కూర్చోవాలని ఆమె ఇంట్లో తేల్చేశారు. ఇంటర్న్‌షిప్ వస్తేనే ఆ మాట వెనక్కి తీసుకుంటానని తండ్రి అన్నారు. ఆమెకు ఉన్న తలుపు అదొక్కటే. జట్టులో రెండోవాడు కార్తీక్. తల్లిదండ్రులు కోస్తా నుంచి వచ్చి చిల్కానగర్‌లో స్థిరపడ్డారు. లెక్కల్లో చురుకు, నోటికి అదుపు తక్కువ.

వారి వస్తువు రూమ్ ఫ్రెషనర్. పాతబస్తీ అత్తరు దుకాణాల నుంచి తెచ్చిన ద్రవ్యాలతో మూడు నమూనాలు కలిపారు. ఒకటి మల్లె, ఒకటి నిమ్మగడ్డి, మూడోది అప్పుడే కోసిన పచ్చగడ్డి ఆరుతున్నప్పటి వాసన. ఈ వాసనకు మూలం కుమరిన్ అనే పదార్థం. కళాశాలలో జరిపిన పరీక్షలో మూడోది మిగతా రెండింటినీ చాలా వెనక్కి నెట్టింది. దాన్నే పోటీకి నమోదు చేసి, సీలు వేసి ఇచ్చారు. సీలు వేశాక నమూనా మారిస్తే మార్కుల్లో కోత పడుతుంది.

మిగిలింది గృహిణులతో పరీక్ష. తన వీధి వాళ్లయితే పిలవగానే వస్తారని శ్రావణి తమ కాలనీ కమ్యూనిటీ హాలును ఎంచుకుంది. ఒకప్పుడు అది పక్కనే ఉన్న ఒక రసాయన యూనిట్ కార్మికుల కాలనీ. ఆ యూనిట్ శ్రావణి పుట్టకముందే మూతపడింది.

ఆదివారం ఉదయం ఇరవై మందికి పైగా మహిళలు వచ్చారు. ముందు వరుసలో శ్రావణి తల్లి యాదమ్మ. నమూనాల పేర్లు చెప్పకుండా మూడంకెల కోడ్లు ఇచ్చాం. ఒక్కో వాసనకు ఒకటి నుంచి తొమ్మిది దాకా ఇష్టాన్ని బట్టి అంకె చెప్పాలి. రెండు వాసనల నడుమ ముక్కుకు విశ్రాంతి కోసం ఎవరి దుస్తులను వారే వాసన చూసుకోవాలి. అది మా లాబొరేటరీ పద్ధతి.

"లచ్చలు పోసి కాలేజీకి తోలితే కొంగు వాసన జూసుడు నేర్పుతున్నరా బిడ్డా?" అని వెనక నుంచి ఒకామె అడిగింది. హాలంతా నవ్వింది.

"నీ కొంగుల పోపు వాసనొస్తది పెద్దమ్మా, జర దూరం కూసో," అంది శ్రావణి.

మొదటి రెండు నమూనాలకు అంకెలు వచ్చాయి. ఫ్యాన్లు ఆపించి, కార్తీక్ మూడోది చల్లాడు.

నవ్వు ఆగింది. ఎవరూ కేక వేయలేదు. యాదమ్మ లేచి నిలబడింది. ఆ వెంటనే కొన్ని కుర్చీలు, తర్వాత అన్నీ ఖాళీ అయ్యాయి. సీసాలో నీళ్లున్నవారు కొంగు తడుపుకున్నారు, లేనివారు పక్కవారి వైపు కొంగు చాపారు. ముక్కులకు అడ్డం పెట్టుకుని, తోసుకోకుండా, ఒకరి వెనక ఒకరుగా తలుపు దాటారు. బయట అందరూ ఒకేసారి తలెత్తి, మూతపడిన యూనిట్ గోడ మీదుగా ఒక చోటికి చూశారు. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. తర్వాత గాలి వీచే దారికి అడ్డంగా, ఏటవాలుగా ఖాళీ మైదానంలోకి నడిచి నిలబడ్డారు.

ఆ వరుసలో చివరిది శ్రావణి. అంకెలు రాసుకుంటున్న ట్యాబ్ కుర్చీలో ఉంది. ఆమె ముక్కు దగ్గర చున్నీ తడిసి ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది. ఆ యూనిట్‌లో వాడిన ఒక విషవాయువుకు కోసిన గడ్డి ఆరుతున్నప్పటి వాసనే ఉంటుంది. లీకైతే కాలనీ వాళ్లు గుర్తుపట్టాలని, నెలనెలా జరిపే డ్రిల్‌లో అదే వాసన వచ్చే హానిలేని కుమరిన్ ద్రావణాన్ని గాలిలో చల్లేవారు. దాన్ని మా యూనిట్ నుంచే కొనేవారు. వాసన రాగానే బట్ట తడపాలి. స్తంభం మీద గాలి దిశ చూపే గుడ్డ గొట్టాన్ని చూడాలి. గాలికి అడ్డంగా నడవాలి. రెండు పొట్టి సైరన్లు మోగేదాకా కదలకూడదు. నాకు తెలిసినంతలో అక్కడ నిజమైన లీకు ఒక్కసారీ జరగలేదు. యూనిట్‌తో పాటు స్తంభమూ సైరనూ తుక్కు కింద పోయాయి.

కార్తీక్ యాదమ్మ దగ్గరికి వెళ్లి, అది రూమ్ ఫ్రెషనరే ఆంటీ, లోపలికి రండి అని బతిమాలాడు. ఆమె కోపంగా లేదు, భయపడుతున్నట్టూ లేదు.

"తెలుసు బిడ్డా. ఇంక సైరన్ రాలే గద," అంది.

ఎండ ఎక్కుతోంది. ఎవరూ కదలలేదు. నేను చెప్పినట్టు కార్తీక్ తన ఫోన్‌లో సైరన్ శబ్దం వెతికి, రెండుసార్లు పొట్టిగా మోగించాడు. కొంగులు దిగాయి. అందరూ వచ్చి ఎవరి కుర్చీలో వారే కూర్చున్నారు. "ఇంకోటేది, కొట్టుండ్రి," అంది పోపు వాసన పెద్దమ్మ. మూడో నమూనాకు అంకె అడిగితే, దాదాపు అందరూ ఏడు, ఎనిమిది చెప్పారు. వాసన బాగుందన్నారు.

శ్రావణిని అడిగాను. "సున్నీ ఎప్పుడు తడిపిన్నో నాకే తెల్వదు సార్. కాలేజీల నెల రోజులు గదే వాసన పీల్సిన, ఏం గాలే," అంది. ఆమె ఏనాడూ డ్రిల్ చూడలేదు.

సోమవారం క్యాంటీన్‌లో జట్టు కూర్చుంది. కార్తీక్ వాదన సాంకేతికంగా తప్పు కాదు. "అంకెలు బానే ఉన్నాయి కదా! వాళ్లు బయటికెళ్లిన సంగతి ఏ కాలమ్‌లోనూ లేదు. చెప్పకపోతే గెలుస్తాం," అన్నాడు.

"గిది కొన్నోళ్లు ఇంట్ల కొట్టుకుని మైదానంల నిలబడితే, సైరన్ నువ్వొచ్చి కొడ్తవా?" అంది శ్రావణి.

"ప్యాకింగ్ షెడ్డులో కూర్చునేది నువ్వే తల్లీ, నేను కాదు."

ఆమె నా వైపు చూసింది. నిర్ణయం జట్టుదని నేను గుర్తు చేశాను. సాయంత్రానికి నిర్వాహకులకు కబురు వెళ్లింది. మూడో నమూనా ఉపసంహరణ, దాని స్థానంలో నిమ్మగడ్డి. ఫైనల్లో జరిగింది జరిగినట్టు శ్రావణి న్యాయనిర్ణేతలకు చెప్పింది, కార్తీక్ స్లైడ్లు తిప్పాడు. కోత పోగా వారికి మూడో స్థానం వచ్చింది. ఇంటర్న్‌షిప్ మరో జట్టుకు వెళ్లింది. ఇప్పుడు శ్రావణి మేనమామ షెడ్డులో డిస్పాచ్ చూస్తోంది.

షెడ్డులో చేరేముందు ఆమె ఒక పని చేసింది. మిగిలిన మూడో నమూనాను కాలనీలో చల్లి, అందరినీ మైదానానికి నడిపించి, ఫోన్‌లో రెండు సైరన్లు మోగించి, "ఇగ గిదే ఆఖరు. ఇంక డ్రిల్ లేదు," అని ప్రకటించింది. అందరూ ఒప్పుకున్నారు. ఆ ఆఖరి డ్రిల్‌ను చూడమని నన్నూ పిలిచింది. పద్ధతి ప్రకారం అందులో ఏ లోపమూ కనిపించలేదు.

వానలు తగ్గాక ఆ దారిన వెళ్తుంటే, డివైడర్ మీద గడ్డిని మెషీన్‌తో కోస్తున్నారు. కాలనీ మలుపులో బస్సు కోసం కూర్చున్న మహిళలు ఒక్కొక్కరే లేచి రోడ్డు దాటారు. ఒకామె చంకలో ఏడాది పాప. ఆ తల్లి తడి కొంగును తన ముక్కుకు కాక పాప ముక్కుకు పెట్టింది. పాప తలెత్తి, తల్లి చూసిన చోటికే చూసింది.

క్వాలిటీ కంట్రోల్‌లో మేము ప్రతి బ్యాచ్‌కూ ఒక నంబరు ఇస్తాం. లోపం బయటపడితే ఆ నంబరుతో సరుకును అంగళ్ల నుంచి వెనక్కి రప్పిస్తాం. మనుషులకు నేర్పిన దానికి బ్యాచ్ నంబరు ఉండదు, అది వెనక్కి రాదు. ఇప్పుడు ఏ జట్టు వస్తువు తెచ్చినా, అది ఎంతమందికి నచ్చిందన్నది రెండో ప్రశ్నగానే అడుగుతున్నాను. దీన్ని వాడబోయేవారికి ఇంతకుముందు ఎవరు, ఏం నేర్పి వెళ్లారన్నది మొదటి ప్రశ్న.