నెమళ్ళకు పోసిన బొరుగులు

మా ఆయనకు పుంగనూరులో బొరుగుల అంగడి ఉండేది. అంగడంటే పెద్దదేమీ కాదు, మా ఇంటి ముందుగదే. ఇల్లు ఊరి చివర, గుట్టకు ఆనుకుని ఉండేది. అయినా సంతరోజు పలమనేరు వైపు పోయే బండ్లు మా వాకిట ఆగి బొరుగులు కట్టించుకుని పోయేవి. అలాంటి మనిషికి క్షయ వచ్చింది. మదనపల్లె శానటోరియంలో ఏడాదికి పైగా ఉండి, సన్నబడి, తెల్లబడి తిరిగి వచ్చాడు. జబ్బు అణిగిందనీ, ఇక ఎవరికీ అంటదనీ, మెల్లగా పని చేసుకోవచ్చనీ డాక్టరు నా ఎదుటే చెప్పి పంపించాడు. నాకు చెప్పాడు సరే, ఊరికి ఎవరు చెప్పాలి?

అంగడి మళ్ళీ తెరిచాం. పొగ ఆయనకు పడదు కాబట్టి మంగలం ముందు కూర్చుని బొరుగులు వేయించే పని నాదైంది. ఆయన పొద్దున్నే స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, కొలిచే పడి పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. పాలు పోసే ఆమె కూడా చెంబు ప్రహరీ గోడమీద పెట్టి, కేకేసి, నేను వచ్చేలోగా వెళ్ళిపోయేది. నేను కుప్పం దాన్ని, నోరు కాస్త పెద్దది. దారిలో ఎదురుపడిన వాళ్ళను కడిగిపారేసేదాన్ని. ఆయన ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు. మధ్యాహ్నందాకా చూసి, లేచి తలుపు వేసేవాడు.

ఒకరోజు మాత్రం నోరు విడిచి అన్నాడు.

"నా చేత్తో ఇస్తే తీసుకునేదానికి మడుసులు భయపడతాండారే, ఇంగ నేను బాగుపడి ఏం లాభం మే?"

ఆయన దిగులంతా అదే. జబ్బు కన్నా ఆ దిగులే ఆయన్ను తినేస్తుందని నాకు భయం పట్టుకుంది.

ఆ ఎండాకాలంలో నీళ్ళు దొరక్క గుట్టమీది నెమళ్ళు మా పెరట్లోకి దిగాయి. ఒకటి మగది, దాని వెంట మూడు ఆడవి. దిగీ దిగగానే నా వంగనారంతా పొడిచిపెట్టాయి. నేను చీపురు ఎత్తుకుని వెంటపడ్డాను.

"కొట్టొద్దు మే, పాపం, దప్పికై వచ్చినాయి" అంటూ ఆయన పగిలిన కుండ అడుగులో నీళ్ళు పోసి గోడ పక్కన పెట్టాడు. మరునాడు ఆ పక్కనే అమ్ముడుపోక మెత్తబడిన బొరుగులు చల్లాడు.

యుద్ధం ముగిసినా బియ్యానికి కంట్రోలు పోని రోజులవి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మనకు సంగటికే కటకటగా ఉండాది. నువ్వు నెమిళ్ళకు బొరుగులు మేపుతాండావా?"

"మడుసులు కొనకపోతే యాడ పోసేది? అవన్నా తింటాండాయి కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట విన్నాక నాకు అరవబుద్ధి కాలేదు. ఆ మరునాటి నుంచి నీళ్ళు నేనే మార్చేదాన్ని.

శానటోరియంలో ఆయనకు చేసిన వైద్యంలో సగం కదలకుండా పడుకోబెట్టడమే. ఆ విద్య ఆయనకు బాగా అబ్బింది. పెరట్లో మంచం మీద ఒత్తిగిలి పడుకుంటే రెప్ప తప్ప ఏదీ కదిలేది కాదు. అందుకే నెమళ్ళు మంచం కోడు దాకా వచ్చేవి. నా గాజులు వినిపిస్తే చాలు, గోడెక్కేవి. ఇన్ని నీళ్ళు పోసినా నామీద విశ్వాసం లేదు వాటికి!

ఆడవాటిలో ఒకదాని కాలికి ఎక్కడిదో నులకపోగు చుట్టుకుని, చర్మాన్ని కోసుకుని లోపలికి దిగింది. అది కుంటుతూ అన్నిటికన్నా వెనక వచ్చేది. ఆయన రోజూ బొరుగులు కొంచెం కొంచెం దగ్గరగా చల్లుతూ, చివరికి అరచేతిలోనే పెట్టుకుని చెయ్యి మంచం కిందికి వేలాడేశాడు. ఒక పొద్దున అది ఆ చేతిలో తింటుండగా రెండో చేత్తో పోగు విప్పి లాగేశాడు. అది ఎగిరి గోడమీద వాలింది. పోయిందిలే, ఇక రాదు అనుకున్నాను. కాసేపటికి దిగి వచ్చి మళ్ళీ ఆ చేతిలోనే తిన్నది.

ఆయన నన్ను పిలిచి అరచెయ్యి చూపించాడు. ముక్కు తగిలినచోట ఎర్రగా కందింది.

"నా చేతిలో తినింది మే" అన్నాడు.

నీ చేతి బొరుగులు రోజూ నేను తినడం లేదా అని అడగబోయాను. ఆయన ముఖం చూసి, ఆ అరచెయ్యి కొంగుతో తుడిచాను.

ఎండలు తగ్గి ఆషాఢం, అంటే మా ఆడిమాసం వచ్చేసరికి మగనెమలి ఈకలు రాల్చడం మొదలుపెట్టింది. ఆయన వాటిని ఏరి, దుమ్ము దులిపి, అరటినారతో కట్టలు కట్టాడు. మా వైపు ఆడికృత్తికకు సుబ్రహ్మణ్యస్వామి కొండకు కావడి మోస్తారు. కావడికి నెమలి ఈకలు కట్టాలి. అవి పక్షి తనంతట తాను రాల్చినవై ఉండాలని, పీకినవి పనికిరావని పట్టింపు. సంగతి తెలిసి నలుగురు ఆడవాళ్ళు మా గోడ దాకా వచ్చారు.

"ఈకలు గోడమీద పెట్టమ్మా, తీసుకుంటాం" అన్నారు.

"అవేమన్నా పాలచెంబులా గోడమీద పెట్టేదానికి? కావాలంటే లోపలికొచ్చి ఆయన చేత్తో తీసుకోండి" అన్నాను.

ముఖాలు చూసుకుని వెళ్ళిపోయారు. స్వామి మొక్కు కదా, ఇచ్చేయకూడదా అని ఆయన నన్ను కోప్పడ్డాడు. నేను వినలేదు.

కృత్తికకు ముందురోజు ఆ నలుగురిలో ఉన్న ముసలమ్మ ఒక్కతే వచ్చింది. మా గోడ అవతలి ఇల్లే ఆమెది. కూతురికి కాన్పు కష్టమైనప్పుడు కావడి మొక్కుకుందట. కూతురు, మనవడు ఇద్దరూ దక్కారు. ఆమె వాకిట్లో కాస్త నిలబడి, కొంగు దోపుకుని, నేరుగా అంగట్లోకి నడిచింది.

"నాకూ భయమేనప్పా, అబద్ధమెందుకు?" అంది ఆయనతో. "అయితే గోడమీంచి ఇన్ని దినాలుగా సూస్తాండా. ఆ నోరులేనిది నీ చేతిలో తింటాండాది. దానికి లేని భయం నాకు యాల? ఇయ్యప్పా."

ఆయన ఈకల కట్ట ఇచ్చాడు. ఆమె అందుకుని కళ్ళకద్దుకుంది. అంతటితో వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు.

"దారిలో నమిలేదానికి పడి బొరుగులు కూడా పొయ్యి" అని కొంగు పట్టింది.

ఆయన పడి నింపి, అంచుకు సమంగా తలగొట్టి, చిందకుండా పోశాడు. ఆమె గుప్పెడు నోట్లో వేసుకుని, అక్కడే నిలబడి నమిలి మింగింది. తరువాత ఆయన వైపు కోపంగా చూసింది.

"కొసరు యాడప్పా?"

ఏ అంగట్లోనైనా కొనేవాళ్ళు అడిగే మాటే అది. ఆయన చెవిన పడి రెండేళ్ళు దాటింది. ఆయన రెండు చేతులూ బొరుగుల్లోకి దించి, దోసిలి నిండా తీసి, ఆమె కొంగులో పోశాడు.