సీసం మట్టిదే, మావయ్యది కాదు

రంగు పూసిన ఇనప పార వాడాడు, ఆ రంగు వల్లే మట్టిలో సీసం తేలింది అని, మా మావయ్య పనిచేసే ఆఫీసే ఆయన మీద రాసింది. అది అబద్ధం. ఆ వాక్యం కాగితం మీద అలాగే ఉండగా మొన్న మంగళవారం ఆయన పోయాడు.

గార్డెన్ రీచ్ ఓడరేవు దగ్గర నదిలో కలిసే కాలువ అడుగు నుంచి మట్టి తీసి పరీక్షకు పంపడం ఆయన పని. నేను మేనకోడల్ని, పడవలో సీసాలు అందించేదాన్ని. ఎనిమిదితో బడి మానేశాను. మట్టి గురించి నాకు తెలిసిందంతా ఆయన నేర్పిందే.

తాడు కట్టిన డబ్బాతో మట్టి పైకి లాగి, తను చెక్కుకున్న చెక్క గరిటెతో తీసేవాడు. "డబ్బా గోడకి తగిలింది వగ్గీ అమ్మీ. నడిమిది తియ్యి" అనేవాడు. కాస్త నీళ్లు కలిసినా పారబోసి మళ్లీ మొదలు. ఓసారి పడవవాడికి ఒళ్లు మండింది.

"ఏం కాకా, బంగారం తీస్తున్నావా?"

"బంగారమైతే నీకే ఇచ్చీదును దాదా. ఇది పిల్లల కాళ్లకి అంటుకుంటాది."

నిజమే. ఆ కాలువ పూడిక తీసి మా క్వార్టర్ల వెనక పల్లంలో పోస్తామన్నారు ఆఫీసువాళ్లు. పిల్లలు ఆడేది అక్కడే. పరీక్షలో సీసం తేలినా, తప్పు మావయ్య మీదకు తోసేసి లారీలు పురమాయించారు.

మళ్లీ పరీక్ష చేయమని నేను ఒక కాలేజీవాళ్ల కాళ్లావేళ్లా పడ్డాను. వాళ్లు సొంత సామానుతో వచ్చారు. అప్పటికే మావయ్య జబ్బుపడ్డాడు; ఎక్కడ తీయాలో ఆసుపత్రి మంచం మీంచే చెప్పాడు: "ఘాట్ మూడో మెట్టు, ఎనక పెద్ద క్రేను, రెండూ ఒక గీతలో కనపడాల. ఆడ దింపమను తాడు."

అదే చోటు. అంతే సీసం. లారీలు ఆగిపోయాయి.

కాలేజీవాళ్ల కాగితం చదివి వినిపిస్తే మావయ్య కళ్లు మూసుకుని "అమ్మయ్య" అన్నాడు.

"మరి నీ మీద రాసినదాని మాటేటి మావయ్యా?"

"అది తరవాత. ముందు గరిటె కడిగీసి ఆరబెట్టు."

లారీలు ఆగాయన్న మాట విన్నాకే ఆయన పోయాడు. నాకు ఏడుపు కన్నా ముందు ఊరటే వచ్చింది.

గరిటె మా వంటింటి కిటికీలో ఉంది. దాని మీద రంగు చుక్క ఉందేమో ఆఫీసువాళ్లే వచ్చి చూసుకోవచ్చు. ఆదివారం చర్చిలో ఆయన కోసం ఆదరణ కూడిక. గరిటె ఆయన ఫోటో పక్కన పెడతాను. ఆ వాక్యం కొట్టేసి, తప్పు ఆఫీసుదేనని సంతకం పెట్టిన కాగితం కూడా అక్కడే ఉండాలి. ఆఫీసువారూ, శనివారం సాయంత్రం ఐదింటిలోగా పంపండి.