వానాకాలం లేని పుస్తకం

మా లైబ్రరీలో బైండరుని అందరం సూదీదారం అనే పిలుస్తాం. చొక్కా కాలరుకి ఎప్పుడూ ఓ సూది గుచ్చుకుని తిరుగుతాడు. అతని నోట్లోంచి మాట రావాలంటే ఆ సూదితోనే పొడవాలి. పిల్లల చేతుల్లో పడి పీలికలైన పుస్తకం అతని బల్ల మీదకి వెళితే మూడో రోజుకి నిక్షేపంలా తిరిగొచ్చేది. ఎక్కడ చిరిగిందో చింపినవాళ్ళు కూడా కనిపెట్టలేరు. చివరికి ఆ పనితనమే కొంప ముంచింది.

నేను పిల్లల గదిలో పుస్తకాలిచ్చే మనిషిని. నాకు నోరెక్కువని పేరు, ఒప్పుకుంటాను. చంటిపిల్లకి ఏ బొమ్మల పుస్తకం మంచిదని ఎవరైనా అడిగారో, ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. కిటికీలోంచి కనపడేదే పేజీలోనూ కనపడాలి, అప్పుడే పసివాళ్ళకి పుస్తకం మీద నమ్మకం కుదురుతుంది అనేది నా సిద్ధాంతం. ఇరవై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ అదే నూరిపోశాను. సూదీదారం భార్యకి కూడా నేనే నూరిపోశాను.

ఆమె చలికాలం చివర్లో ఆసుపత్రిలో చేరింది. చేరే ముందు రోజు కూతుర్ని చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. ఆ పిల్లకి మూడో ఏడు నడుస్తోంది. ఒక్కచోట నిలవదు గనక దాన్ని బొంగరం అనేవాళ్ళం.

"అక్కా, నేను ఇంట్లో లేనన్నాళ్ళూ దీనికి చదవడానికి ఏదైనా ఇవ్వు. కాలాలవీ, సెలవులవీ అయితే బావుంటుంది" అంది.

కాలాల పుస్తకం తీసిచ్చాను. ఎండలో ఆరేసిన బట్టలు, వానలో గొడుగులు, చలిలో దుప్పట్లు. ఆమె అక్కడే నేల మీద కూర్చుని చదివి వినిపించింది. గొడుగుల పేజీ దగ్గర ఆగి, "ఇదిగో, ఇలా వాన పడే రోజుకి అమ్మ వచ్చేస్తుంది. సరేనా?" అంది. డాక్టర్లు ఆమెతో అలాగే చెప్పారు. ఆమె అబద్ధమేమీ ఆడలేదు. నడివేసవిలో చనిపోయింది.

పిల్లకి ఏం చెప్పమంటావని సూదీదారం నన్నడిగాడు.

"ఏమీ చెప్పకు. పసిదానికి చావంటే ఏం తెలుస్తుంది? నెల తిరిగేసరికి అదే మర్చిపోతుంది" అన్నాను. అడగడమే ఆలస్యం, సలహా పారేయడం నాకు అలవాటు. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

బొంగరం మర్చిపోలేదు. గొడుగుల పేజీ రాగానే తండ్రి ఒళ్ళోంచి జారి వీధి తలుపు దగ్గరికి పరుగెత్తేదట. తలుపు తీసి చూపిస్తేగానీ వెనక్కి వచ్చేది కాదట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అతను నా బల్ల ముందు నిలబడి నీళ్ళు నములుతూ, "వేరే పుస్తకం ఏదైనా ఉందా అక్కా?" అన్నాడు. సెలవుల పుస్తకాలన్నీ పరిచాను. సముద్రపు ఒడ్డు, రైలు ప్రయాణం, తోటలో భోజనాలు. ఒక్కొక్కటీ తిప్పి పక్కన పెట్టేశాడు.

"ఏం నాయనా, వంకాయలు ఏరుతున్నావా? ఒక్కటీ నచ్చలేదా?"

"అన్నిట్లోనూ అమ్మ ఉందక్కా. అమ్మ లేకుండా సెలవులకి ఎవ్వరూ వెళ్ళరా?"

బీరువాలన్నీ గాలించాను. చివరికి ఓ తాబేలు ఒంటరిగా కొండ చూడ్డానికి వెళ్ళే పుస్తకం దొరికింది. అది రెండ్రోజుల్లో తిరిగొచ్చింది. బొంగరానికి ఆ గొడుగులే కావాలట.

అప్పుడతను చేసిన పని బైండరు తప్ప ఇంకెవరూ చేయలేరు. కాలాల పుస్తకం కుట్లు విప్పి, వాన పేజీలు నాలుగూ తీసేసి, మళ్ళీ కుట్టేశాడు. ఇక ఆరేసిన బట్టల తర్వాత నేరుగా దుప్పట్లే. గడువు తీరినప్పుడల్లా తెచ్చి చూపించేవాడు, నేను మళ్ళీ అతని పేరునే రాసిచ్చేదాన్ని. రెండుసార్లు నా కంటపడలేదు. మూడోసారి చేతికి పలచగా తగిలి, పేజీలు తిరగేశాను.

"లైబ్రరీ పుస్తకమంటే నీ ఇంటి పాత పంచె అనుకున్నావా, ఇష్టమొచ్చినట్టు కత్తిరించడానికి?" అని గదంతా వినపడేలా అరిచాను.

అతను తలొంచుకుని మొత్తం చెప్పాడు. "ఇప్పుడది తలుపు దగ్గరికి వెళ్ళడం మానేసిందక్కా" అన్నాడు.

మరి నిజంగా వాన పడితే ఏం చేస్తావని అడగాల్సింది. అడగలేదు. పుస్తకం అతనికే ఇచ్చి పంపించాను.

పిల్లని చూసుకునే పక్కింటావిడకి జ్వరం వచ్చి ఓ రోజు బొంగరాన్ని పనికి తీసుకొచ్చాడు. నా గదిలో చాప మీద కూర్చోబెట్టుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి వాన మొదలైంది. ఇంకో పదిరోజులకి గానీ రావాల్సింది కాదు.

బొంగరం లేచి కిటికీ దగ్గర నిలబడింది. అది అంతసేపు కదలకుండా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాత గబగబా బయటి గుమ్మం వైపు నడిచింది. పిలిచాను, వినిపించుకోలేదు. జనం తడుస్తూ లోపలికొస్తున్నారు. ఆడమనిషి ఎవరు వచ్చినా ఆమె గొడుగు ముడిచేదాకా ఆగి, మొహం చూసి, పక్కకి తప్పుకుని, తర్వాతి మనిషి కోసం నిలబడింది. ఏడవలేదు. ఒకావిడ ముద్దుగా బుగ్గ గిల్లి ఎవరి పాపవని అడిగితే, "అమ్మ వస్తోంది" అని చెప్పింది. ఏడెనిమిది మంది అలా వచ్చి వెళ్ళారు.

సూదీదారం చేతులకి జిగురుతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏదో ఒకటి చెప్పి లోపలికి తీసుకురా" అని గొణిగాను. ఇంత జరిగాక కూడా నా బుద్ధి అదే. అతను నా వంక చూడనైనా లేదు. ఆ తడి నేల మీదే కూలబడ్డాడు.

"అమ్మ రాదమ్మా."

"వానొచ్చింది కదా!"

"వచ్చింది. అయినా రాదు. అమ్మకి జబ్బు చేసి చనిపోయింది. రావాలనే అనుకుంది తల్లీ. ఇంక ఎప్పటికీ రాదు. నాన్నే నీకు చెప్పకుండా దాచాడు."

బొంగరం గుమ్మం వైపు చూసింది. అతని మొహంలోకి చూసింది. ఎంత అర్థమైందో నాకు తెలీదు. అన్నానికి ఇంకా ఎంతసేపని అడిగినంత మామూలుగా అడిగింది:

"నువ్వెప్పట్నుంచి రావు?"

నేనెక్కడికీ వెళ్ళనంటాడని అనుకున్నాను. నేనైతే అదే అని ఉందును. అతను అలా అనలేదు.

"తెలీదమ్మా" అన్నాడు. "ఇవాళ మాత్రం నీతోనే ఉంటా."

బొంగరం అతని చూపుడువేలు పిడికిట్లో పట్టుకుంది. లైబ్రరీ మూసేదాకా వదల్లేదు. ఒంటిచేత్తో పుస్తకం కుట్టడం కుదరదు. అతను బల్ల ముందు ఊరికే కూర్చున్నాడు. నేనూ ఎదురుగా కూర్చున్నాను, ఒక్క సలహా కూడా ఇవ్వకుండా.