గడప లేని తలుపుకు పసుపు

మా బట్టల దుకాణానికి అద్దాల తలుపు బిగించినతను మోర్తాడ్ మనిషి. దుబాయిలో పదేళ్లు ఇదే పని చేసి తిరిగొచ్చాడు. ఆర్మూర్‌లో మాదే అతని మొదటి పని. ఇది బాగా కుదిరితే నలుగురు పిలుస్తారు, లేదంటే మళ్లీ విమానం ఎక్కాల్సిందే. ఆ సంగతి మొదటిరోజే చెప్పాడు.

నాకేమో దుకాణం తెరిచే ముహూర్తం తొందర. "కొలతలు తీస్కో తమ్మీ" అన్నాను.

"టైల్స్ ఏసినంకనే అక్కా. ఇప్పుడు తీస్కుంటే రేపు తలుపు నేలకు రాస్తది. సగం తెరిసిన తలుపు ముంగట కొబ్బరికాయ కొడ్తవా?"

టైల్స్ పని అయ్యేదాకా ఆగాను. తీరా బిగించాక చూస్తే గడప లేదు. భజన మండలిలో ఏళ్ల తరబడి పారాయణం చేస్తున్నదాన్ని, ఊరుకుంటానా?

"నరసింహస్వామి కూసున్న జాగ తమ్మీ, గడపంటే!"

"స్వామి కూసుంటడక్కా. నీ గిరాకులు తాకి బోర్లపడ్తరు."

మాటల్లో ఓడిపోయాను కానీ మనసు ఒప్పుకోలేదు. తలుపు మూలన నేలలో ఒక స్టీలు రేకు ఉంది. తలుపును దానంతట అదే మూసే స్ప్రింగు పెట్టె దాని కిందే ఉంటుందని అతను చెప్పాడు. నా కళ్లకు మాత్రం అది గడప ముక్కే. ప్రతి శుక్రవారం నీళ్లతో కడిగి, దానికి పసుపు పట్టించాను. పసుపు పండించే ఆర్మూర్ వాళ్లం, దాని దగ్గర మాకు పిసినారితనం రాదు.

ఐదో శుక్రవారం మండలి ఆడవాళ్లు దుకాణంలో భజనకు వచ్చారు. తలుపు సగం దాకా వచ్చి మూలిగి ఆగిపోయింది. తన కొత్త హోటల్ తలుపుల పని అతనికే ఇద్దామనుకుంటున్న మా వదిన మూతి తిప్పింది. "దుబాయి పని దుబాయిలనే నిలుస్తదేమో. మేం నిజామాబాద్ నుంచి పిలిపించుకుంటం."

ఫోన్ చేస్తే అతను వెంటనే వచ్చి రేకు విప్పాడు. పెట్టె నిండా పసుపు ముద్ద! ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. "నీళ్లు దిగినయక్కా. నేనే సరిగ మూయలేదేమో."

నా తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. వారం వారం సత్యం గురించి చదివే నోరు నాది. ఎట్లా మూసుకోను?

"నేనే పోసిన" అన్నాను. "ఐదు వారాల సంది."

వదిన వంగి చూసింది. "గింత పసుపా! మార్కెట్ యార్డుల గూడ గింత లేదు గదనే!"

మండలి అంతా భజన మరిచి నవ్వింది. అతను పెట్టె శుభ్రం చేసి, తలుపు సాఫీగా మూసుకోవడం చూపించి, బయటి మెట్టు అంచుకు సన్నటి టేకు పట్టీ అతికించాడు.

"గిది నీ గడప. స్వామిని గీడ కూసోమను. గా రేకు జోలికి పోకు."

వదిన ఆ పట్టీని చేత్తో తడిమి చూసింది. "మా హోటల్‌కు గూడ గిట్ల ఏస్తవా తమ్మీ?"

"ఏస్తనక్కా. ముందుగాల టైల్స్ ఏపియ్యి."