టాస్మేనియా సీసాకి బేరమాడిన రోజు

ఒక్క విస్కీ సీసా కోసం, జన్మలో ముట్టని నాలుగు సీసాలు కూడా డబ్బిచ్చి కొన్న ఘనుణ్ణి నేను. అదీ అమెరికాలో ఉన్న డబ్లిన్‌లో, పట్టపగలు, పూర్తి తెలివిలో ఉండి. చీరాలలో మాది కిరాణా కొట్టు, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది ఇనప సామాను. ఇన్ని కొట్లున్న వంశంలో ఇంత పెద్ద బేరాన్ని చెడగొట్టిన రికార్డు నాదే.

కారణం నా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు, మాకు విమానంలో రెండు గంటల దూరాన బాతెల్‌లో ఉంటాడు. 2014 చివర్లో ఫోన్ చేసి, అప్పుడే అందరి నోళ్లలో పడ్డ, ఆస్ట్రేలియా కింద ఉండే టాస్మేనియా ద్వీపం సింగిల్ మాల్ట్ విస్కీ రుచి గురించి గంటసేపు ఊదరగొట్టాడు.

"మీకు దొరకదులెండి అన్నయ్యగారూ. దొరికినా కొనరు. మీరు సగానికి అడుగుతారు, వాడు పొమ్మంటాడు."

వెనక మా మరదలి నవ్వు. వచ్చే శనివారం వాళ్లు మా ఇంటికి వస్తున్నారు. ఆ సీసా వాడి ముందు పెట్టి నోరు మూయించాలి. నాకు కావలసింది అంతే.

మేముండే సన్నీవేల్ నుంచి మొదలుపెట్టి కనిపించిన ప్రతి లిక్కర్ స్టోర్‌లో అడిగాను. లేదు, రాదు, వచ్చినా ముందే పేరు రాయించుకున్న వాళ్లకి. ఆ ద్వీపం వాళ్ల మీద ఒళ్లు మండింది. చిన్న పీపాల్లో చారెడు మందు కాచి, లోకమంతా పొగిడేసరికి సరుకు లేదని చేతులెత్తేస్తారు. కొరత ఎలా పుడుతుందో నాకు తెలియదా? పండగ ముందు నూనె డబ్బాల్ని వెనక గదిలోకి మార్చే ఇంట్లో పెరిగాను.

చివరికి డబ్లిన్‌లో, సాఫ్ట్‌వేర్ మానేసి షాపు పెట్టుకున్న నల్గొండ మనిషి దగ్గర ఒకటి కనిపించింది. నూట అరవై డాలర్లు. నేను దాని వైపు చూడకుండా ముందు చిప్స్ రేటు అడిగాను. మావాళ్ల పద్ధతి అది. కావలసిన వస్తువుని చివర్న, పోనీలే అన్నట్టు అడగాలి.

"అదేంటి, ఆస్ట్రేలియాదా? నూట ఇరవైకిస్తే చూస్తా."

"అన్నా, నాకొచ్చిందే ఒక్కటి. తక్కువ చేస్త లేను."

"అయితే నువ్వే ఉంచుకో."

తలుపు వైపు నడిచాను. చీరాలలో అయితే మూడో అడుగుకే "రండి సార్, మీ మాట కాదనలేను" అని వినిపించాలి. ఇక్కడ అతను చిప్స్ ప్యాకెట్లు సర్దుకుంటున్నాడు. తలుపు దగ్గర వంగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాను. అయినా పిలవలేదు. కార్‌లో కూర్చున్నాక, ఇంకెవరో ఇండియన్ కారు దిగి లోపలికి వెళ్లడం చూశాను. అంతే, పరుగు.

"తీసుకుంటాలే, ప్యాక్ చేయి."

"ఇప్పుడు కాంబో అన్నా." పీచ్ లిక్కర్ రెండు, నీలం రంగు ద్రావకం ఒకటి, దుమ్ము పట్టిన వైన్ ఒకటి వరసగా పెట్టాడు. "అన్నీ కలిపి రెండు వందల అరవై అయిదు. టాక్స్ ఎక్స్‌ట్రా."

"ఇందాక ఇవి లేవుగా?"

"ఇందాక నీకింత కావాలని నాకు ఎర్కలేదు."

డాల్డా కావాలంటే అమ్ముడుపోని అగ్గిపెట్టెలు కూడా తీసుకోమని మా నాన్న అనేవాడు. తిట్టుకుంటూ తీసుకెళ్లిన వాళ్లందరి మొహాలూ ఆ రోజు నాకే వచ్చాయి.

శనివారం తోడల్లుడి ముందు సీసా తెరిచి గ్లాసుల్లో పోశాను.

"పోసే చెయ్యి చూస్తేనే తెలుస్తోంది, కొట్టువాళ్లబ్బాయని. ఇంకాస్త వంచండి అన్నయ్యగారూ!"

తాగాను. బత్తాయి తొక్క, ఎండుద్రాక్ష, ముదిరిన బెల్లం పాకం. నాలుక మీద నూనెలా పరుచుకుని చాలాసేపు ఉండిపోయింది. కోపం వచ్చేంత బాగుంది.

తోడల్లుడు కళ్లు మూసుకున్నాడు. "అబ్బా! ఇలా ఉంటుందా దీని టేస్టు!"

"ఉంటుందా ఏంటి? నువ్వు తాగావుగా?"

"నేనెక్కడ తాగానండీ? మా దగ్గరా దొరకలేదు. ఆఫీస్‌లో ఒకతను ఫోటో చూపించాడు."

చేతిలో సరుకు లేకుండా, కంటితో చూడకుండా నాకు అమ్మేశాడు! వాడి నోరు మూతపడలేదు సరికదా, పెగ్గు తర్వాత పెగ్గు అడుగుతూనే ఉంది. ఆదివారం వాళ్లని ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చేసరికి సీసా ఖాళీ. నా వంతుకి వచ్చింది పెగ్గున్నర.

మొత్తం బిల్లు, టాక్స్‌తో కలిపి, రెండు వందల ఎనభై తొమ్మిది. అందులో టాస్మేనియా సీసాది నూట డెబ్బై నాలుగు. ఆ మందుకి అంత ఇవ్వొచ్చు, అబద్ధమెందుకు. మిగతా నూట పదిహేను డాలర్లు, కారుదాకా నడిచి వెనక్కి వచ్చినందుకు.