మా బావ సముద్రం కారింది

మా నారాయణ బావకు యాభై ఎనిమిదేళ్లు వచ్చినా ఇంతవరకు సముద్రం చూడలేదు. తిరుపతి పోతాడు, కొండెక్కుతాడు, గుండు చేయించుకుంటాడు, పులివెందుల బస్సెక్కి వచ్చేస్తాడు. అలాంటి మనిషి తన ఇంటి నడవలో నాలుగడుగుల సముద్రం పెట్టుకున్నాడు. అది సరిగా నిలబడి ఉంటే నాకీ కథ చెప్పే పని ఉండేది కాదు. అది కారింది.

బావ పని బోరు మోటార్లకు రాగితీగ చుట్టడం. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ లాగేసి, కొత్తది చుట్టి, నీళ్లు లోపలికి పోకుండా సీలు బిగించి ఇస్తాడు. పాత బస్టాండు దగ్గర ముప్పై ఏళ్లుగా అదే అంగడి. "నారాయణ సీలు బిగిస్తే చుక్క కారదు" అని వేంపల్లె దాకా పేరు. భూమిలో వాటా అన్నకు వదిలేసి వచ్చాడు గనక ఆ పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. ఎదురుగా ఉన్న జిరాక్సు అంగడి నాది. మా అక్క నిర్మలమ్మ మొగుడు కాబట్టి ఆయన ఏం చేసినా నాకూ వాటా వస్తుంది. మంచిలో తక్కువ, చెడ్డలో ఎక్కువ.

రెండేళ్ల కింద రాగితీగ కోసమని బెంగళూరు పోయాడు. తీగల అంగడి పక్కనే చేపల అంగడి ఉందట. దాంట్లో ఉప్పునీళ్ల తొట్టి ముందు నిలబడ్డవాడు అలాగే నిలబడిపోయాడు. మధ్యాహ్నం బస్సు పోయింది, సాయంత్రం బస్సూ పోయింది. మరుసటి రోజు ఇల్లు చేరినప్పుడు చేతిలో తీగ లేదు, సముద్రపు ఉప్పు సంచి ఉంది. అది పప్పులో వేసే ఉప్పు కాదట. కొలత ప్రకారం నీళ్లలో కలిపితే అచ్చం సముద్రమే అవుతుందట.

"ఊర్లో బోర్లన్నీ ఉప్పునీళ్లే పోస్తాండాయి గదయ్యా, ఇంగ ఈ ఉప్పు కొనేదేంది" అని మా అక్క అడిగింది. ఆయన సంచి తీసుకుపోయి అటక మీద పెట్టాడు.

వారం తర్వాత నాతో మాత్రం చెప్పాడు. "సుధీరా, నా కాడికొచ్చే మోటారల్లా నీళ్లందక కాలిపోయిందే. ముప్పై ఏండ్లు అదే సూసినా. నీళ్లు ఊరికే నిలబడుకోని ఉంటే ఎట్లుంటాదో కూచ్చోని సూడాలనిపిచ్చినాది."

ఆ మాట విన్నాక ఆయన్ను ఎగతాళి చేయడానికి నాకు మనసు రాలేదు. రెండు రోజుల పాటు రాలేదు.

తొట్టి చేసింది ప్రొద్దుటూరులో అద్దాలు అతికే అస్లాం. "అడుగున థర్మాకోల్ షీటు వెయ్ భయ్యా, మర్చిపోవద్దు" అని పదిసార్లు చెప్పాడు. బావ నవ్వాడు. మాది కడప బండల జిల్లా. ఇంటి నేల బండ, వంటగట్టు బండ, అల్మారా అరలు బండ. "బండ మీద పెట్టినదానికి ఏమైతాది అస్లామూ, థర్మాకోల్ టీవీ డబ్బాలో యేస్తారు" అని, రెండు వరసల ఇటుకల మీద బండ పరిచి, దాని మీద తొట్టి నిలబెట్టాడు. మూడు చేపలు తెచ్చాడు. వాటికి మోటార్ల హెచ్‌పీ లెక్కన పేర్లు పెట్టాడు. చిన్నది ఒకటిన్నర, నడిమిది మూడు, నీలంగా అరచేతి వెడల్పున్న పెద్దది ఏడున్నర. పొద్దున్నే అంగడికి పోయే ముందు ఏడున్నరతో నాలుగు మాటలు మాట్లాడేవాడు. మా అక్కతో అన్ని మాట్లాడగా నేను చూడలేదు.

మొన్న ఏప్రిల్లో ఒక సోమవారం, తొట్టి మూల కింద బండ మీద తెల్లగా ఉప్పు పేరుకుని కనిపించింది. వేలు పెడితే తడి. బావ ముఖం మోటారు కాలినట్టు నల్లబడింది. ముందు సబ్బు రుద్దాడు. పెట్రోలు ట్యాంకు కారితే మా ఊళ్లో అదే వైద్యం. సబ్బు కరిగిపోయింది. ఎం-సీల్ పూశాడు. అది రెండు గంటలు ఆగి, తర్వాత ముక్కగా ఊడి కింద పడింది. మోటారుకు పూసే వార్నిషు పూశాడు, ఇల్లంతా కంపు కొట్టింది, నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి.

"ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు నన్ను పిలిపించి. "నారాయణ ఇంట్లో గాజుతొట్టి కారతాందని తెలిస్తే రేపు నాకు మోటారిచ్చేదెవరు? గమ్మునుండు." నా నోటి మీద ఆయనకు నమ్మకం లేదు. జిరాక్సు మిషను మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు.

ఇంట్లో ఉన్న బకెట్లు, తపేలాలు, ఇడ్లీ గిన్నె అన్నీ తొట్టి కింద చేరాయి. మంగళవారం మా అక్క ఏమరుపాటున అందులో ఒక తపేలా తీసుకుని పప్పుకు ఎసరు పెట్టింది. నేను ఆ పప్పు తిన్నాను. చేప వేయకుండా చేపల పులుసు రుచి వచ్చింది. అక్క తను తినకుండా నన్నే చూస్తూ ఉంది కాబట్టి ఆమెకు ముందే తెలుసని నా అనుమానం.

ఇంకో చిక్కుంది. నీళ్లు తగ్గేకొద్దీ బావ కుళాయి నీళ్లు పోశాడు. కారిపోయేది నీళ్లతో పాటు ఉప్పు కూడా అని ఆయనకు తట్టలేదు. సముద్రం చప్పబడింది. ఏడున్నర ఒక మూలకు పోయి, గోడ వైపు తిరిగి, మాట్లాడినా పలకడం మానేసింది. అప్పుడు తెలిసి, ఉప్పు కలిపిన నీళ్లే పోయడం మొదలుపెట్టాడు. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు.

బకెట్లలో పడనిదంతా బండ వెనకగా దిగి, గోడ కింద నుంచి పక్కింటి పెరట్లో తేలింది. ఆ పెరడు రంగన్నది.

రంగన్న వాళ్లది గొర్రెలు మేపిన కుటుంబం. ఆయన గొర్రెలమ్మి చీనీ తోట పెట్టాడు, బత్తాయినే మేము చీనీ అంటాం. చీనీ చెట్లు నీళ్లడిగాయి. తోటలో నాలుగు బోర్లు, పెరట్లో ఒక బోరు వేశాడు. తోటలో ఒకటి మాత్రం చెట్లు చావకుండా ఇంత తడి ఇస్తుంది, మిగతావన్నీ దుమ్ము పోశాయి. పెరటి బోరు వేసే ముందే, నీళ్లు పడతాయన్న ధీమాతో, ఏడున్నర హెచ్‌పీ మోటారు కొని మా బావ చేత సీలు బిగించి పెట్టుకున్నాడు. అది పదకొండేళ్ల నాటి మాట. ఆ మోటారు ఇంకా ఆయన వసారాలోనే ఉంది. ప్రతి దసరాకు దానికి పసుపు కుంకుమ పెడతాడు. ఒక్క రోజు కూడా అది నీళ్లలో దిగలేదు.

అలాంటి మనిషికి ఎండాకాలంలో పెరట్లో తడి కనిపించింది. మోకాళ్ల మీద కూర్చుని మట్టి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పగా ఉంది. మా వైపు నీళ్లు ఉప్పగా ఉండటం వింత కాదు, అసలు ఉండటమే వింత. వెంటనే టెంకాయ శ్రీనివాసులును పిలిచాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టి నడుస్తాడు, నీళ్లున్నచోట అది లేచి నిలబడుతుంది. ఫోన్లో వీడియో తీయమని నన్ను పిలిచారు. గోడ దగ్గరికి రాగానే టెంకాయ నిలబడింది.

"ఊట మామా. గోడెంబడి పోతాంది. మూడించుల నీళ్లు" అన్నాడు శ్రీనివాసులు.

నాకు నోరు దురద పెట్టింది. జిరాక్సు మిషను గుర్తొచ్చి పళ్లు బిగించుకున్నాను.

ఆ రోజు నుంచి రంగన్న పొద్దునా సాయంత్రం అంగడికి వచ్చి బావకు ఊట సంగతులు చెప్పేవాడు. "పొద్దున కంటే మాపుకు పెరిగినాది నారాయణా." పెరగదా మరి. బిందెలు ఆపితే చేపలు చస్తాయి, పోస్తే ఊట పెరుగుతుంది. బావ తల ఊపి, చేతిలోని స్క్రూ డ్రైవరును తిప్పుతూ కూర్చునేవాడు.

పై వారం బుధవారం సాయంత్రం రంగన్న మళ్లీ వచ్చాడు. "రేపు బోరు బండి వస్తాంది. దాని ఖర్చుకు తోట బేరం పెట్టినా. ఆ మోటారు తుడిచి పెట్టినా. నీ చేత్తోనే దించాల నారాయణా. నీ చెయ్యి మంచిది" అన్నాడు. ఆయన పోయాక బావ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చి, చెంబెడు నీళ్లు తాగి స్టూలు మీద కూలబడ్డాడు.

"చెప్తే నా పేరు పోతాది. చెప్పకపోతే ఆయప్ప తోటమ్మి బోరేస్తాడు. ఏం చేయాల సుధీరా?"

నేను ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణే. ఆ రోజు మాత్రం ఇంకో చెంబు నీళ్లు ముంచి ఆయన చేతికిచ్చాను.

గురువారం పొద్దున బోరు లారీ సందులోకి వచ్చి పెరటి ముందు నిలబడింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. సగం వీధి అక్కడే ఉంది. రంగన్న కొత్త పంచె కట్టి, కర్పూరం వెలిగించబోతున్నాడు. అప్పుడు మా బావ వచ్చాడు, చేతిలో బకెట్టుతో. బకెట్లో ఏడున్నర ఉంది.

"మామా, నీ ఊట ఇదే" అన్నాడు. "ఊట గాదు. నా ఇంట్లో తొట్టి కారతాంది. పది రోజులాయ. నా చేత ఆపేదానికి కాలేదు. బండి ఎనక్కి పంపీ."

చేప నీళ్ల పైకొచ్చి జనాన్ని చూసి మళ్లీ కిందికి పోయింది. వెనక ఎవరో నవ్వారు. "నారాయణ సీలు కారినాదంట" అన్నారు. ఆ నవ్వు సందు చివరికి పోయి, అక్కడి నుంచి బజారుకు పోయింది. శ్రీనివాసులు తన టెంకాయ తీసి సంచిలో వేసుకున్నాడు. "నీళ్లుండాయంటి, ఉండాయి గదా. ఎవురివని నన్నెవురూ అడగలా" అని వెళ్లిపోయాడు. నిజమే, అడగలేదు.

రంగన్న మాత్రం నవ్వలేదు. తిట్టలేదు కూడా. బకెట్ పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, కర్పూరం జేబులో వేసుకుని, లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

మధ్యాహ్నానికి ప్రొద్దుటూరు నుంచి అస్లాం వచ్చాడు. చేపలను స్నానాలగదిలో నీలం డ్రమ్ములోకి మార్చి తొట్టి ఎత్తితే, బండ మీద జొన్నగింజంత బొడిపె ఉంది. సరిగ్గా ఆ మూలకే, బరువంతా దాని మీద పడి అద్దం అతుకు విడిపోయింది. అస్లాం దాన్ని వేలితో తడిమి బావ వైపు చూశాడు. "థర్మాకోల్ టీవీ డబ్బాలో యేస్తారంటివే భయ్యా" అన్నాడు. పాత గమ్ము గీకి కొత్తది పెట్టి, రెండు రోజులు ఆరనీయమన్నాడు. ఆ రెండు రోజులూ స్నానాలగది ఏడున్నరది, మా అక్కా బావా స్నానానికి మా ఇంటికి వచ్చారు.

తొట్టి ఆగింది. అంగడి కూడా ఆగింది. ఎండాకాలంలో వరసగా మోటార్లు పడి ఉండే గడప ముందు నాలుగు రోజులు ఒక్కటీ లేదు. వేంపల్లె నుంచి ఆటోలో మోటారు తెచ్చిన ఒకాయన అంగడి ముందు దిగబోయి, పక్కవాడేదో చెవిలో చెప్పగానే మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. బావ తుడిచిన పానాలే మళ్లీ తుడిచాడు. ఎదురుగా కూర్చుని అది చూడటం నాకు కష్టమైంది.

అయిదో రోజు పొద్దున రంగన్న ఆటోలో వచ్చాడు. వసారాలోని మోటారు దింపించి, అంగడి ముందు రోడ్డు మీదికే పెట్టించాడు. పదకొండు దసరాల పసుపు కుంకుమ దాని మీద అట్ట కట్టి ఉంది.

"చుట్టు" అన్నాడు.

బావ దాన్ని చూశాడు. "ఇది కాలలేదు గదా మామా. నీళ్లే సూల్లేదు. దీనికేం చుట్టేది?"

"ఇది కాలిపోయేదాకా ఆగాలంటే ముందు నేను పోతా. నువ్వు ఆ పొద్దు నోరు మూసుకోని ఉంటే నా తోట పోయేది. ఈడనే, నడిబజార్లో పెట్టుకోని విప్పు. నారాయణ కాడికి రంగన్న మోటారు తెచ్చినాడని నలుగురూ సూడనీ."

బావ పానా తీసుకుని కింద కూర్చున్నాడు. బంగారం లాంటి కొత్త తీగ లాగేసి, దాని బదులు ఇంకో కొత్త తీగ చుట్టాడు, రోడ్డు మీదే, పొద్దంతా. ఇంత పనికిమాలిన పనిని అంత శ్రద్ధగా చేసినవాణ్ణి నేను చూడలేదు. సాయంత్రానికి రెండు మోటార్లు వచ్చి పక్కన నిలబడ్డాయి.

అంతసేపూ రంగన్న ఎక్కడికి పోయాడో అనుకున్నాను. అక్క ఇంటికి పోతే నడవలో తొట్టి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు, పక్కన చల్లారిన కాఫీ గ్లాసు. అడుగున థర్మాకోల్ షీటుతో తొట్టి పొడిగా ఉంది. ఏడున్నర ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ ఉంది.

"దీని పేరు ఏడున్నరంట గదా" అన్నాడు తల తిప్పకుండా.

"అవు మామా."

"నాదీ ఏడున్నరే" అన్నాడు. "నీళ్లలో దిగితే ఎట్లుంటాదో, ఇప్పుడు సూస్తాండా."